ఖాళీ జాగాలో ఎర్ర చుక్క

నవగ్రహాలంటే మనకి ముందు గుడి గుర్తొస్తుంది, ఆ తర్వాత బడి. గుళ్ళో వున్న తొమ్మండుగురిలో సూర్యుడూ చంద్రుడూ వున్నారు, రాహుకేతువులున్నారు. బళ్ళో పుస్తకంలో ఈ నలుగురికీ చోటు లేదు. వాళ్ళకి బదులుగా భూమి, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో వచ్చి కూచున్నాయి. నలుగురు పోయి నలుగురొచ్చారు గనక మొత్తం లెక్క తొమ్మిదే అయింది. గుడి లెక్కా బడి లెక్కా ఇంత చక్కగా కుదిరిందేమిటా అని చిన్నప్పుడు మురిసిపోనివాళ్ళు తక్కువ.

ఆ ముచ్చట కాస్తా 2006లో తీరిపోయింది. ఆ ఏడు ఆగస్టు 24న ప్రేగ్ నగరంలో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు చేతులెత్తి వోట్లు వేసి, ప్లూటో ఇకమీదట గ్రహం కాదు, మరుగుజ్జు గ్రహం మాత్రమేనని తేల్చేశారు. పిల్లలు ఏడ్చారు, పెద్దలు కోప్పడ్డారు, పాఠ్యపుస్తకాలు తిరగరాశారు. ఇంతకీ ప్లూటోకి పదవి పోవడానికి మొదటి కారణం ఎవరయ్యా అంటే — బస్సెక్కితే మూడు గంటల్లో దాటేయగలిగినంత అడ్డుకొలత వున్న ఒక చిన్న మంచుగడ్డ. అందులోనూ ఎర్రటిది! పిట్ట కొంచెం, కూత ఘనం అంటారే, అదన్నమాట.

ఆ మంచుగడ్డ కథ చెప్పుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

యురేనస్ గ్రహం తన దారిలో తిన్నగా పోకుండా అటూ ఇటూ తూలుతోందని పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టారు. దాని అవతల ఇంకెవరో వుండి చెయ్యి పట్టుకు లాగుతున్నారు కాబోలనుకున్నారు. ఫ్రాన్సులో లెవెరియే అనే ఆయన కాగితం మీద లెక్కలు కట్టి, ఫలానాచోట చూడండని బెర్లిన్‌కి వుత్తరం రాస్తే, 1846 సెప్టెంబరు 23 రాత్రి గాలే అనే ఆయన అక్కడే నెప్ట్యూన్‌ని పట్టేశాడు. ఆకాశం వంక చూడకుండా, కలం కాగితంతో గ్రహాన్ని కనిపెట్టడమంటే మాటలా! ఆ విజయం తలకెక్కింది. నెప్ట్యూన్ వచ్చాక కూడా యురేనస్ లెక్క కొంచెం తేడాగానే వుందని కొందరికి అనిపించింది. అయితే ఇంకా అవతల ఇంకొకరున్నారన్నమాట!

అలా నమ్మినవాళ్ళలో పెర్సివల్ లోవెల్ ఒకడు. అమెరికాలో ధనవంతుల బిడ్డ. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో సొంత డబ్బుతో ఒక వేధశాల కట్టించుకున్నాడు. కనపడని ఆ గ్రహానికి 'ప్లానెట్ ఎక్స్' అని పేరు పెట్టుకుని చనిపోయేదాకా వెతికించాడు. వెతకాలంటే ముందు లెక్కలు కావాలి. ఇప్పుడు కంప్యూటరంటే మిషను గానీ ఆ రోజుల్లో కంప్యూటరంటే మనిషి. ఎక్కువగా ఆడమనిషి. పెద్ద పెద్ద వేధశాలల్లో ఆడవాళ్ళని జీతానికి పెట్టుకుని పొద్దస్తమానం లెక్కలు కట్టించేవారు. లోవెల్ దగ్గర ఆ పని చేసినావిడ ఎలిజబెత్ విలియమ్స్. ఎమ్.ఐ.టి.లో ఫిజిక్సు చదువుకుని 1903లో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ కాలానికి అది ఎంత అరుదో చెప్పనక్కరలేదు. కొత్త గ్రహం ఆకాశంలో ఏ భాగంలో వుండే అవకాశముందో లెక్కలు వేసింది ఆవిడే.

లోవెల్ 1916లో పోయాడు. 1922లో ఎలిజబెత్ అదే వేధశాలలో పనిచేసే హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుణ్ణి పెళ్ళి చేసుకుంది. అంతే, ఆవిడ వుద్యోగం పోయింది! పెళ్ళయిన ఆడది వుద్యోగం చెయ్యడం బావుండదన్నారట. లెక్కల్లో తప్పు రాలేదు, పనిలో లోటు రాలేదు. మెళ్ళో తాళి పడిందని కాగితం చేతికిచ్చారన్నమాట. అక్కడ తాళి కాదు, ఉంగరం. అంతే తేడా. భార్యాభర్తలిద్దరూ జమైకాలో వున్న హార్వర్డ్ వారి వేధశాలకి వెళ్ళి అక్కడ కలిసి పనిచేసుకున్నారు.

1930 ఫిబ్రవరి 18న అదే ఫ్లాగ్‌స్టాఫ్‌లో క్లైడ్ టోంబా అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ప్లూటోని పట్టుకున్నాడు. కాన్సాస్ రాష్ట్రంలో వ్యవసాయం చేసుకునే కుటుంబంలోంచి వచ్చినవాడు, అప్పటికి కాలేజీ మొహం చూడలేదు. ఒకే ఆకాశాన్ని కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు ఫోటో తీసి, ఆ రెండు గాజు పలకల్నీ ఒక మిషనులో పెట్టి మార్చి మార్చి చూడాలి. నక్షత్రాలు వున్నచోటే వుంటాయి. గ్రహమైతే అటో గెంతు ఇటో గెంతు వేస్తుంది. లక్షల చుక్కల మధ్య ఆ ఒక్క గెంతునీ పట్టుకోవాలి. బియ్యంలో రాయి ఏరడం మనకి తెలుసు గానీ, రాయి కూడా బియ్యపు గింజలాగే వుండి, ఇవాళ ఇక్కడా రేపు అక్కడా వుంటే ఎలా వుంటుందో ఊహించుకోండి.

ప్లూటో అని పేరు పెట్టింది మాత్రం పదకొండేళ్ళ ఆడపిల్ల. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో వెనీషియా బర్నీ అనే పిల్ల పొద్దున్నే ఫలహారం చేస్తూండగా, వాళ్ళ తాతగారు పేపరు చూసి కొత్త గ్రహం కబురు చదివారు. పురాణ కథలు బాగా చదువుకున్న ఆ పిల్ల 'ప్లూటో అని ఎందుకు పెట్టకూడదూ' అంది. ప్లూటో అంటే రోమనుల పాతాళానికి రాజు, ఇంచుమించు మన యముడు. తాతగారు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైనాయన. ఆ మాట నవ్వి వూరుకోకుండా తనకి తెలిసిన ప్రొఫెసరు గారికి చెప్పారు. ఆయన అమెరికాకి టెలిగ్రాం కొట్టారు. ఆ పేరే ఖాయమైంది. చిన్నపిల్ల మాటని చెవిన పెట్టుకునే పెద్దవాళ్ళు ఇంట్లో వుండటం ఎంత అదృష్టమో చూడండి!

ఇంత హడావిడీ అయ్యాక తెలిసిందేమిటంటే ప్లూటో బొత్తిగా అల్పప్రాణి అని. లోవెల్ భూమికి ఆరేడు రెట్ల బరువుండే గ్రహం కోసం వెతికించాడు. ప్లూటో బరువు భూమి బరువులో ఐదువందలో వంతు కూడా సరిగ్గా చెప్పలేని పరిస్థితి 1978 దాకా నడిచింది. ఆ ఏడు జేమ్స్ క్రిస్టీ అనే ఆయన దానికో చందమామని కనిపెట్టి, భార్యని పిలుచుకునే ముద్దుపేరు 'షార్' కలిసొచ్చేట్టు 'షారన్' అని పేరు పెట్టాడు. ఆ చందమామ తిరిగే తీరుని బట్టి ప్లూటో అసలు బరువు బయటపడింది. యురేనస్‌ని లాగేంత సత్తా దానికి లేనే లేదు. తరవాత వాయేజర్ నౌక 1989లో నెప్ట్యూన్ పక్కనించి పోతూ దాని బరువు సరిగ్గా తూచి పంపింది. ఆ అంకె పెట్టి లెక్క కడితే యురేనస్ తూలడమే లేదని తేలింది. అంటే ఎలిజబెత్ కట్టిన లెక్కల్లో తప్పులేదు. ఆవిడకి ఇచ్చిన అంకెల్లో వుంది. ప్లూటో ఆ చుట్టుపక్కల దొరకడం కేవలం కాకతాళీయం.

మరి అంత పెద్ద చీకట్లో ఆ బుల్లి ప్లూటో ఒక్కతే ఏం చేస్తోంది? ఊరవతల పెద్ద మైదానంలో ఒక్కటే గుడిసె వుంటే, ఇదొక్కటే ఎందుకుందీ అని ఎవరికైనా అనుమానం రావాలి కదా. ఒకరిద్దరికి వచ్చింది. ఐర్లండుకి చెందిన ఎడ్జ్‌వర్త్ అనే రిటైరైన సైనిక ఇంజనీరు, నెప్ట్యూన్ అవతల చిన్న చిన్న మంచుగడ్డలు బోలెడుండాలని 1943లోనూ, 1949లోనూ రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1951లో కైపర్ అనే పేరున్న శాస్త్రజ్ఞుడు, ఒకప్పుడు అక్కడ అలాంటివి వుండేవేమో గానీ ఇప్పుడు మిగిలి వుండవన్నట్టు రాశాడు. చివరికి ఆ ప్రాంతానికి 'కైపర్ బెల్ట్' అని ఆయన పేరే స్థిరపడింది! ఉందన్నవాడి పేరు మరుగున పడి, లేదన్నవాడి పేరు నిలిచిపోవడం లోకంలో కొత్తేమీ కాదనుకోండి.

ఇక అసలు కథానాయిక దగ్గరికి వద్దాం.

జేన్ లూ 1963లో వియత్నాంలోని సైగాన్‌లో పుట్టింది. తండ్రి అమెరికా సైన్యానికి దుబాసీగా పనిచేసేవాడు. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయినప్పుడు ఆ కుటుంబం ప్రాణాలు అరచేత పట్టుకుని దేశం విడిచి వచ్చేసింది. అప్పటికి ఆ పిల్లకి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. శరణార్థి శిబిరాల్లో కొన్నాళ్ళు గడిపి, చివరికి కెంటకీ రాష్ట్రంలో బంధువులున్న వూరు చేరారు. భాష కొత్త, వూరు కొత్త, తిండి కొత్త. అయినా చదువులో ఎక్కడా తగ్గలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఫిజిక్సు డిగ్రీ తెచ్చుకుంది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో వాయేజర్ పంపిన గ్రహాల బొమ్మలు చూశాక ఆవిడ మనసు ఆకాశం వైపు తిరిగింది.

పై చదువుకి ఎమ్.ఐ.టి.లో చేరింది. అక్కడ డేవిడ్ జూవిట్ అనే బ్రిటిష్ యువకుడు గురువు. శని అవతల సౌరకుటుంబం ఇంత ఖాళీగా ఎందుకుందో చూద్దామా అని ఆయన అడిగాడు. ఇదివరకు ఎవరూ ఎందుకు చూడలేదని ఆవిడ అడిగింది. మనం చూడకపోతే ఇంకెవరూ చూడరని ఆయన జవాబు. గురుశిష్యులిద్దరూ అలా పనిలోకి దిగారు.

పెద్ద టెలిస్కోపు మీద ఒక రాత్రి పని చేసుకోవాలంటే నెలల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏమి వెతుకుతారు, దొరుకుతుందని నమ్మకమేమిటి అని కమిటీ అడుగుతుంది. వుందో లేదో తెలియని దానికోసం రాత్రులు ఎవరిస్తారు? అందుకని వేరే పనుల కోసం దొరికిన రాత్రుల్లోంచి కొంచెం కొంచెం మిగుల్చుకుని ఈ వెతుకులాట సాగించారు. ఇంటి ఖర్చులోంచి పదో పరకో పోపుల డబ్బాలో దాచుకున్నట్టన్నమాట! మొదట్లో టోంబా లాగే గాజు పలకల మీద ఫోటోలు తీశారు. తర్వాత సీసీడీ అనే ఎలక్ట్రానిక్ కన్ను వచ్చింది. అది మసక వెలుగుని కూడా పట్టుకుంటుంది గానీ, మొదట్లో ఒకసారికి ఆకాశంలో చిటికెడు జాగానే చూడగలిగేది. ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు గడిచాయి, అయిదేళ్ళు గడిచాయి. ఏమీ దొరకలేదు. ఈలోగా ఆవిడ డాక్టరేటు పూర్తిచేసుకుంది, గురువుగారు హవాయి విశ్వవిద్యాలయానికి మారారు. వెతుకులాట మాత్రం మానలేదు.

1992 ఆగస్టు 30 రాత్రి. హవాయి దీవిలో మౌనా కేయా కొండ మీద, సముద్రమట్టానికి దాదాపు 4,200 మీటర్ల ఎత్తున, గాలి కూడా చాలినంత అందని చోట ఇద్దరూ కూచున్నారు. ఒక్కొక్క చోటుని కొంత వ్యవధి ఇచ్చి నాలుగుసార్లు ఫోటో తియ్యడం వాళ్ళ పద్ధతి. మూడో ఫోటో తయారవుతూండగా, మొదటి రెంటినీ కంప్యూటరు తెర మీద మార్చి మార్చి చూశారు. ఒక మసక చుక్క కదిలింది. ఎంతో నెమ్మదిగా కదిలింది.

ఆ నెమ్మదిలోనే వుంది కిటుకంతా. రైల్లో పోతూంటే పక్కనున్న స్తంభాలు గిర్రున వెనక్కి పోతాయి, దూరంగా వున్న కొండ మాత్రం మనతోపాటే వస్తున్నట్టు నింపాదిగా జరుగుతుంది కదా. మనం ఎక్కిన ఈ భూమి రైలు కూడా అంతే. దగ్గరగా వున్న చిన్న గ్రహశకలాలు చురుగ్గా కదుల్తాయి. ఈ చుక్క అంత నింపాదిగా కదిలిందంటే అది నెప్ట్యూన్ అవతల వుండాలి! మూడో ఫోటో, నాలుగో ఫోటో కూడా అదే సాక్ష్యం చెప్పాయి. సూర్యుడి నుంచి సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం. సూర్యుడి వెలుగు అక్కడికి చేరడానికే అయిదున్నర గంటలకు పైగా పడుతుంది. మన కంటికి ఆనే అతి మసక నక్షత్రం కంటే అది లక్షల రెట్లు మసక. ప్లూటో దొరికిన అరవై రెండేళ్ళకి, ప్లూటోకీ దాని చందమామకీ అవతల ఆ చీకట్లో దొరికిన మొదటి వస్తువు అదే.

సెప్టెంబరు 14న లోకానికి ప్రకటించారు. పేరేమో '1992 క్యూబీ1'. ఆగస్టు రెండో పక్షానికి 'క్యూ' అక్షరం, ఆ పక్షంలో దొరికిన ఇరవై ఏడోదానికి 'బీ1' గుర్తు — పుట్టిన పిల్లకి ఆస్పత్రిలో కట్టే చీటీ లాంటిదన్నమాట. దొరకబుచ్చుకున్నవాళ్ళకి మాత్రం దాన్ని 'స్మైలీ' అని పిలుచుకోవాలనుంది. జాన్ లె కారే రాసిన గూఢచారి నవలల్లో జార్జ్ స్మైలీ అనే పాత్ర వుంది. ఎవరి కంటా పడకుండా తిరిగే మనిషి. కానీ ఆ పేరు అప్పటికే ఇంకో గ్రహశకలానికి వుంది. అలా పేరు లేకుండా పాతికేళ్ళు గడిచాయి. చిట్టచివరికి 2018లో 'ఆల్బియన్' అని పేరు పెట్టారు. మన ఇళ్ళల్లో ముద్దుపేర్లతోనే పెళ్ళీడుకొచ్చే పిల్లలున్నట్టు, దానికీ ఆస్పత్రి చీటీ పేరే అలవాటైపోయింది.

ఎరుపు సంగతి చెప్పలేదు కదూ. మంచంటే తెల్లగా వుండాలి గానీ ఎర్రగా వుండటమేమిటి? పాలని సన్నసెగ మీద గంటల తరబడి కాస్తే రంగు మారి ఎరుపు తిరుగుతాయి. అక్కడ సెగ లేదు, సున్నాకి 220 డిగ్రీలకి పైగా దిగువన చలి. కానీ మంచులో కలిసున్న మిథేన్, మిథనాల్ లాంటి పదార్థాల మీద సూర్యకిరణాలూ, అంతరిక్షంలోంచి వచ్చే సూక్ష్మ కణాలూ కోట్ల ఏళ్ళుగా పడి పడి వాటిని ఎర్రటి మడ్డిగా మార్చేశాయి. ఆ మడ్డికి 1979లో 'థోలిన్' అని పేరు పెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకాయన కార్ల్ సేగన్, రెండో ఆయన మన కాశీలో పుట్టిన బిషున్ ఖరే. అంటే ఆ ఎరుపు మురికి కాదు, వయసు. 460 కోట్ల ఏళ్ళ కిందట సౌరకుటుంబం కట్టుకున్నప్పుడు గోడలోకి ఎక్కకుండా పెరట్లో మిగిలిపోయిన ఇటుకలవి. ఇల్లు ఎలా కట్టారో తెలుసుకోవాలంటే మిగిలిన ఇటుకల్ని చూడాలి మరి.

అలా చూసి ఒక పెద్ద రహస్యం విప్పినావిడ మన హైదరాబాదులో పెరిగిన మనిషే. రేణు మల్హోత్రా ఢిల్లీలో పుట్టి, తండ్రి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఇంజనీరు కావడంతో చిన్నప్పుడు హైదరాబాదు వచ్చింది. ఢిల్లీ ఐ.ఐ.టి.లోనూ, తర్వాత అమెరికాలో కార్నెల్‌లోనూ చదువుకుంది. నెప్ట్యూన్ సూర్యుడి చుట్టూ మూడుసార్లు తిరిగితే ప్లూటో సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. కోలాటంలో వేసినట్టు ఈ తాళం ఎలా కుదిరింది? నెప్ట్యూన్ పుట్టినచోటే వుండిపోలేదు, మెల్లమెల్లగా బయటికి జరిగింది, జరుగుతూ జరుగుతూ ప్లూటోని తన తాళంలోకి లాక్కుంది అని ఆవిడ 1993లో లెక్కలు కట్టి చూపించింది. అదే నిజమైతే అదే తాళంలో ఇంకా చాలా మంచుగడ్డలుండాలి. వెతికితే ఉన్నాయి! గ్రహాలు పుట్టిన చోటునించి కదలవనే పాత నమ్మకం దాంతో కదిలిపోయింది.

క్యూబీ1 తర్వాత తలుపు తెరుచుకున్నట్టయింది. 1993 మార్చిలో రెండోది దొరికింది. తర్వాత పదులు, వందలు. ఇప్పటికి దొరికినవి మూడువేల పైమాటే. వాటిలో ఒకదానికి మన వరుణుడి పేరుంది. 2005లో ప్లూటోకి ఇంచుమించు సాటివచ్చే ఎరిస్ దొరికేసరికి చిక్కొచ్చిపడింది. దీన్నీ గ్రహమనాలి, లేదా ప్లూటోనీ కాదనాలి. ప్రేగ్ సమావేశంలో ఆ చర్చ నడిపించిన జోస్లిన్ బెల్ బర్నెల్ గొడుగు విప్పి మరీ, గ్రహమనే మాట నీడన ఏవి వస్తాయో అర్థమయ్యేలా చెప్పింది. ఆ చర్చ ఇంకా తేలకముందే వెనీషియా గారిని పత్రికలవాళ్ళు అడిగితే, ఈ వయసులో నాకంత పట్టింపు లేదు గానీ గ్రహంగానే వుంటే బావుంటుందన్నారట. ఆవిడ జీవితంలో స్కూలు టీచరుగా పనిచేశారు. 2009లో కన్నుమూశారు. టోంబా చితాభస్మం కాస్త, వెనీషియా పేరు పెట్టిన ఒక పరికరం తీసుకుని న్యూ హొరైజన్స్ నౌక 2015 జులై 14న ప్లూటో పక్కగా వెళ్ళింది. 2019 జనవరి 1న ఆరోకోత్ అనే మరో ఎర్రటి మంచుగడ్డని దగ్గరగా చూసింది. రెండు గుండ్రాళ్ళు మెల్లగా ఒకదానికొకటి ఆనుకుని అతుక్కుపోయినట్టుంది. గ్రహాలు ఢీకొని కాదు, అలా నెమ్మదిగా చేరువై మొదలయ్యాయని దానివల్ల తెలిసింది.

జేన్ లూకి, జూవిట్‌కి 2012లో షా బహుమతీ, కావ్లీ బహుమతీ రెండూ ఒకే ఏడు వచ్చాయి. ఎలిజబెత్ విలియమ్స్‌కి పెళ్ళి బహుమతిగా వుద్యోగం పోయింది. ఆ ఇద్దరి మధ్యా తొంభై ఏళ్ళు. ప్లూటోకి పదవి పోయిందని బాధపడేవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకుంటే మంచిది. ఒక గ్రహం తగ్గింది నిజమే. ఆ వెలితి పూడ్చడానికి మూడువేల కొత్త లోకాలొచ్చాయి, వాటిని వెతికే కళ్ళల్లో ఆడవాళ్ళ కళ్ళు కూడా చేరాయి.

ఆల్బియన్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి సుమారు 289 ఏళ్ళు పడుతుంది. మన కంటపడ్డప్పట్నించి అది తన ప్రదక్షిణలో పావువంతు కూడా పూర్తిచెయ్యలేదు. మళ్ళీ ఆ చోటికే వచ్చేసరికి 2281 అవుతుంది. అప్పటికి గ్రహాలు ఎనిమిదంటారో, తొమ్మిదంటారో, ఇంకేమంటారో! ఏమన్నా దానికి పట్టదు. నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణ చేసే మనకి మాత్రం, లెక్క తప్పకుండా తొమ్మిది చుట్లూ పూర్తిచెయ్యాల్సిందే.